నొక్కింది ఒకటి, బోర్డు విన్నది ఒకటి

(పాలిటెక్నిక్ విద్యార్థుల వర్క్‌షాప్ మొదటి రోజు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు జరగండి. ఈ స్క్రీన్ చాలా చిన్నది. వరుసకు 16 అక్షరాలు, మొత్తం రెండు వరుసలు. అయినా కనిపించకపోతే చెప్పండి, ఇందులో ఏం వస్తోందో నేను పైకి చదువుతాను.

నా ముందున్నవి మూడే వస్తువులు. మనం రాసిన ప్రోగ్రాం నడిపే ఆర్డుయినో ఊనో అనే చిన్న సర్క్యూట్ బోర్డు, 16 బటన్ల కీప్యాడ్, ఈ ఎల్‌సీడీ స్క్రీన్. మీ డబ్బాల్లోనూ ఇవే ఉన్నాయి. కీప్యాడ్ మీద నొక్కింది స్క్రీన్ మీద కనిపించాలి. ఈ పూట పని అంతే. ఇందాక ఒక అమ్మాయి "ఇంతేనా సార్?" అని అడిగింది. ఇంతే అమ్మా. కానీ ఈ ఇంత పని సరిగ్గా రావడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో ఏం జరిగిందో మీకు పూర్తిగా చెప్పాలనే వచ్చాను.

మా పెదనాన్నది ఎకరంన్నర కూరగాయల తోట. బోరు ఉంది. మోటారు వేసి, ఏదో పని మీద ఇంటికొచ్చి మరిచిపోతే మడులన్నీ మునిగిపోయేవి. ఒకరోజు నన్ను పిలిచి, "ఎన్ని నిమిషాలు కావాలో నొక్కితే అన్ని నిమిషాలూ నడిచి దానంతట అదే ఆగిపోవాలి. చెయ్యగలవా రా?" అన్నాడు. చేస్తానన్నాను. స్టార్టర్ వైపు కనెక్షన్లు మా ఊరి ఎలక్ట్రీషియన్ చేశాడు. మూడు ఫేజుల కరెంటు జోలికి మీరెవరూ వెళ్లకండి, మన పని 5 వోల్టుల దగ్గర ఆగిపోతుంది. నేను చేసింది కీప్యాడ్, స్క్రీన్, మధ్యలో ప్రోగ్రాం.

మొదటి రోజు పెదనాన్న 4 నొక్కాడు, 5 నొక్కాడు, హ్యాష్ నొక్కాడు. స్క్రీన్ మీద 45 అని వచ్చింది. మోటారు మొదలైంది. ఆయన గట్టు దాకా కూడా వెళ్లలేదు, మోటారు ఆగిపోయింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ ఆగింది. గడియారం పట్టుకుని చూస్తే సరిగ్గా 13 సెకన్లు. స్క్రీన్ మీద మాత్రం 45 అలాగే ఉంది. ఆ 13 ఎక్కడిదో కాసేపట్లో చెప్తాను. దానికన్నా ముందు వేలు పెట్టిన చోటు నుంచి మొదలుపెడదాం.

కీప్యాడ్‌ను తిరగేసి చూడండి. బటన్లు 16, బయటికొచ్చిన తీగలు 8. బటనుకో తీగ చొప్పున వేస్తే 16 తీగలు, గ్రౌండుతో కలిపి 17 కావాలి. ఎనిమిదితో ఎలా సరిపోయింది? ఊళ్లో ఇల్లు వెతికినట్టే. ఏ వీధి, ఏ అడ్డవీధి, ఈ రెండూ తెలిస్తే ఇల్లు దొరుకుతుంది. నాలుగు అడ్డ తీగలు, నాలుగు నిలువు తీగలు, అవి దాటుకునే చోట్లు 16. ప్రతి చోటా ఒక బటన్. బటన్ నొక్కితే అక్కడి అడ్డ తీగ, నిలువు తీగ ఒకదానికొకటి తగులుతాయి. లోపల ఇంకేమీ లేదు. ఈ పల్చటి కీప్యాడ్‌లో తెలివి అనేది లేనే లేదు, వెతికే పనంతా బోర్డుదే.

బోర్డు ఎలా వెతుకుతుందో 6 నొక్కి చూద్దాం. అడ్డ తీగలు నాలుగింటినీ ఇన్‌పుట్ పుల్‌అప్‌లో పెడతాం, అంటే ఎవరూ ముట్టుకోనంత సేపూ అవి హైలో, 5 వోల్టుల దగ్గర, ఉంటాయి. ఇప్పుడు మొదటి నిలువు తీగను లో, అంటే సున్నా వోల్టులు, చేసి నాలుగు అడ్డ తీగలనూ చదువుతాం. అన్నీ హై. దాన్ని వదిలేసి రెండోదాన్ని లో చేస్తాం. అన్నీ హై. మూడో నిలువు తీగను లో చేసినప్పుడు రెండో అడ్డ తీగ లో అవుతుంది. మూడో నిలువు, రెండో అడ్డం అంటే 6. ఈ వెతుకులాట సెకనుకు ఎన్నోసార్లు, ఆపకుండా జరుగుతూనే ఉండాలి. ఆపకూడదన్న మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఒక్క నిమిషం పక్కకు వెళ్తాను, ఎందుకంటే ఈ విషయం నాకు చాలా ఇష్టం. మీ కీప్యాడ్‌లో కుడివైపు ఏ, బీ, సీ, డీ అని నాలుగు అక్షరాలు ఉన్నాయి. ఫోన్ డయల్‌ప్యాడ్ మీద అవి లేవు. అమెరికాలో బెల్ సంస్థ 1963 నవంబరు 18న పెన్సిల్వేనియాలోని కార్నెగీ, గ్రీన్స్‌బర్గ్ పట్టణాల్లో బటన్ ఫోన్ సేవ మొదలుపెట్టింది. అప్పుడు బటన్లు పదే. స్టార్, హ్యాష్ 1968లో వచ్చి చేరాయి. ఆ ఫోన్లో కూడా అడ్డానికి ఒక స్వరం, నిలువుకు ఒక స్వరం. 6 నొక్కితే 770 హెర్ట్జ్, 1477 హెర్ట్జ్ రెండూ ఒకేసారి మోగుతాయి. మనం తీగలతో చేసిన పనే వాళ్లు స్వరాలతో చేశారు. నాలుగో నిలువు వరుసకూ 1633 హెర్ట్జ్ స్వరం కేటాయించారు. అమెరికా సైన్యం ఫోన్లలో ఏ కాల్ ముందు వెళ్లాలో చెప్పడానికి ఆ నాలుగు బటన్లు వాడారు. మామూలు ఫోన్లలో పెట్టలేదు. మీ చేతిలో ఉన్నది ఆ పూర్తి పలక.

సరే, బౌన్స్ గురించి. పెదనాన్న 3 నొక్కితే ఒక్కోసారి 33 వచ్చేది. బటన్ లోపల రెండు పొరలు తగిలేటప్పుడు ఒక్కసారిగా అతుక్కోవు. తగిలి, విడిపోయి, మళ్లీ తగిలి, కొన్ని మిల్లీసెకన్లకు కుదుటపడతాయి. మనకు అది ఒక్క నొక్కుడే. కానీ ఊనో గడియారం సెకనుకు కోటీ 60 లక్షల సార్లు కొట్టుకుంటుంది. 5 మిల్లీసెకన్లు అంటే దానికి 80 వేల టిక్కులు. అంత సేపట్లో అది రెండు సార్లు నొక్కారనుకోవడంలో దాని తప్పు లేదు. మార్పు కనిపించగానే నమ్మకుండా కాసేపు ఆగి మళ్లీ చూడాలి. మొదట్లో ఈ వెతుకులాట కోడ్ నేనే రాసుకున్నాను, ఆ జాగ్రత్త అందులో లేదు. ఇప్పుడు ఆర్డుయినోతో అందరూ వాడే కీప్యాడ్ లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, 10 మిల్లీసెకన్ల విరామం తనే తీసుకుంటుంది. అయినా ఒకసారి మీరు సొంతంగా రాసి 33 రప్పించుకోండి. కళ్లారా చూస్తేనే బుర్రకెక్కుతుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. 6 నొక్కితే లైబ్రరీ మనకిచ్చేది 6 కాదు. '6' అనే గుర్తు ఇస్తుంది. ఆ గుర్తుకు బోర్డు లోపల ఉన్న సంఖ్య 54. సున్నా గుర్తు 48, ఒకటి 49, అలా వరుసగా. స్క్రీన్‌కు గుర్తు పంపితే గుర్తే చూపిస్తుంది, అందుకే చూసేవాళ్లకు అంతా సవ్యంగానే ఉంటుంది. లెక్కలోకి తీసుకున్నప్పుడే తేడా కొడుతుంది. గుర్తులోంచి 48 తీసేస్తే అంకె వస్తుంది. అంకెలను సంఖ్యగా పేర్చడానికి ఒక్క లైను చాలు: పాత విలువను 10తో గుణించి కొత్త అంకె కలపండి. మొదట విలువ సున్నా. 4 నొక్కారు, విలువ 4. 5 నొక్కారు, 4 ఇంటు 10, 40, దానికి 5 కలిపితే 45. ఒక అంకె చెరపాలంటే 10తో భాగించండి, శేషం పోయి 45 కాస్తా 4 అవుతుంది. స్టార్ బటన్‌కు నేను ఆ పని ఇచ్చాను. పొలంలో తడి చేతులతో నొక్కేవాళ్లకు చెరిపే బటన్ లేకుండా ఏదీ తయారు చేసి ఇవ్వకండి.

ఇక 13 సెకన్లు. నిమిషాలను మిల్లీసెకన్లలోకి మార్చడానికి విలువ ఇంటు 60 ఇంటు 1000 అని రాశాను. చూడ్డానికి తప్పేం లేదు. 45 ఇంటు 60, 2700. ఇంటు 1000, 27 లక్షలు. కానీ నేను విలువ దాచింది ఇంట్ అనే రకంలో, ఊనోలో ఇంట్ అంటే 16 బిట్లు. అందులో పట్టే పెద్ద సంఖ్య 32,767. అంతకు మించితే పొంగిపోతుంది. తూము ఎంత నీళ్లు పట్టగలదో అంతే పడుతుంది, మిగతాది కట్ట మీదుగా పోతుంది. 16 బిట్లలో కుదిరే విలువలు, మైనస్‌వి కూడా కలిపి, మొత్తం 65,536. అందుకే 27 లక్షల్లోంచి 65,536 చొప్పున 41 సార్లు తీసేస్తే మిగిలేది 13,024. పదమూడు వేల మిల్లీసెకన్లు. 13 సెకన్లు!

కాగితం మీద ఈ తీసివేత చేసి చివర్న 13,024 చూసిన రాత్రి నాకు ఇప్పటికీ గుర్తే. రెండు రోజులు మోటారును ఆన్, ఆఫ్ చేసే రిలే స్విచ్‌ని అనుమానించాను, వైర్లు మార్చాను. తప్పు ఒక్క రకం పేరులో ఉంది. ఇంట్ బదులు ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే అన్‌సైన్డ్ లాంగ్ అని రాసి, 60 ఇంటు 1000 అన్న చోట 60000 పక్కన యూఎల్ అని రెండక్షరాలు తగిలిస్తే సరిపోయింది. కానీ పిల్లలూ, నన్ను బాధపెట్టింది ఆ తప్పు కాదు. రెండు రోజుల పాటు స్క్రీన్ నాకు 45 అనే చూపించింది. ఎందుకంటే నేను చేసింది ఏమిటి? నొక్కిన గుర్తును నొక్కినట్టే తీసుకెళ్లి స్క్రీన్ మీద పెట్టేశాను. లోపల బోర్డు ఏం పట్టుకుందో దాంతో ఆ 45కి సంబంధమే లేదు. ఆ రోజు నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. పై వరుసలో మనిషి నొక్కింది ఉంటుంది. హ్యాష్ నొక్కాక కింది వరుసలో బోర్డు ఎంత సేపు నడపబోతోందో, అది నిజంగా వాడే విలువ నుంచే వెనక్కి లెక్కగట్టి చూపిస్తాను. అప్పుడే ఆ పద్ధతి ఉండుంటే, 45 కింద "0 నిమిషాలు 13 సెకన్లు" అని మొదటి నొక్కుడుకే తెలిసిపోయేది. పెదనాన్నే పట్టుకునేవాడు.

స్క్రీన్ సంగతి. దీని మీద ఉన్న కంట్రోలర్, అంటే స్క్రీన్‌ను నడిపే చిప్పు, పద్ధతి 1980ల నాటి హిటాచీ హెచ్‌డీ44780ది. ఇప్పటికీ దాన్ని అనుసరించే చిప్పులే వస్తున్నాయి. డేటా నాలుగు తీగల మీద పంపితే, రెండు కంట్రోల్ తీగలతో కలిపి బోర్డు నుంచి ఆరు పిన్నులు కావాలి. కీప్యాడ్‌కు ఎనిమిది. మొత్తం 14. ఊనోలో డిజిటల్ పిన్నులూ 14. సరిగ్గా సరిపోయాయని అన్నీ పెట్టేశారో, ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు ఇబ్బంది పడతారు. 0, 1 పిన్నులు కంప్యూటర్‌తో మాట్లాడటానికి ఉన్నవి, వాటిని వదిలేయండి. ఏ0 నుంచి ఏ5 వరకు ఉన్న అనలాగ్ పిన్నులను డిజిటల్‌గా కూడా వాడుకోవచ్చు. లేదా స్క్రీన్ వెనక, రెండే తీగల మీద డేటా తీసుకునే చిన్న ఐ2సీ మాడ్యూల్ అతికించి ఉన్నది కొనండి. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లేవాళ్లు ఐ2సీ ఉన్నదే కావాలని అడగండి. కరెంటుకు రెండు, డేటాకు రెండు, నాలుగు తీగలతో పని అయిపోతుంది. ప్రోగ్రాంలో దాని అడ్రస్ రాయాలి, అది సాధారణంగా హెక్సాలో (16 ఆధారంగా రాసే సంఖ్యల్లో) 27, కాకపోతే 3ఎఫ్. ఒకటి పనిచేయకపోతే రెండోది పెట్టి చూడండి.

మొదటిసారి కరెంటు ఇవ్వగానే స్క్రీన్ ఖాళీగా ఉంటే టెన్షన్ పడకండి. అక్షరాల నలుపును పెంచి తగ్గించే కాంట్రాస్ట్ పాట్‌ను చిన్న స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా తిప్పండి. పై వరుసలో 16 నల్ల గళ్లు కనిపిస్తే కరెంటు బాగానే ఉంది, ప్రోగ్రాం ఇంకా స్క్రీన్‌ను పలకరించలేదని అర్థం.

ఇప్పుడు పెదనాన్న నాకు చేసిన ఫోన్ గురించి. "ఒరేయ్, పది నిమిషాలుందని చూసి చెట్టు కింద కూర్చున్నా. లేచి చూస్తే తొంభై అంటోంది. నువ్వొచ్చి చూడు." నేను వెళ్లేసరికి 70 అని ఉంది. నేను చూస్తుండగానే 60 అయింది. నిమిషానికి పది చొప్పున తగ్గుతోంది! మీలో ఎవరికైనా తట్టిందా?

వెనక తమ్ముడు చెప్పాడు, కరెక్ట్. స్క్రీన్ దేన్నీ దానంతట అది చెరపదు. 10 అన్నప్పుడు ఒకటి, సున్నా రెండు గళ్లలో కూర్చున్నాయి. తర్వాత నేను పంపింది 9 ఒక్కటే. అది ఒకటి ఉన్న గడిలోకి వెళ్లింది, పక్కన పాత సున్నా అలాగే ఉండిపోయింది. 9 కాస్తా 90 అయింది. నా ప్రోగ్రాంలో విలువ 9, మోటారు సమయానికే ఆగుతుంది, లోపలంతా సరిగ్గానే ఉంది. కానీ తొంభై చూసిన మనిషి ఏం చేస్తాడు? వెళ్లి స్టార్టర్ ఆపేస్తాడు. పెదనాన్న అదే చేశాడు. వంగ మడికి ఆ రోజు నీళ్లు అందలేదు.

దీనికి చాలామంది చేసే మందు, ప్రతిసారీ స్క్రీన్ మొత్తం క్లియర్ చేసి మళ్లీ రాయడం. నేనూ చేశాను, స్క్రీన్ మినుకుమినుకుమనడం మొదలైంది. ఒక అక్షరం పెట్టడానికి ఈ చిప్పుకు 37 మైక్రోసెకన్లు చాలు. మొత్తం చెరపడానికి 1.52 మిల్లీసెకన్లు, అంటే నలభై రెట్లు. లూప్ తిరిగినప్పుడల్లా చెరుపుతుంటే అక్షరాలు నిలబడే తీరికే ఉండదు. మూడు గళ్లు ముందే కేటాయించండి. విలువ 100 కంటే తక్కువైతే ముందు ఒక ఖాళీ, 10 కంటే తక్కువైతే రెండు ఖాళీలు రాసి తర్వాత సంఖ్య రాయండి. ఖాళీ కూడా అక్షరమే, అది పాత అంకె మీద కూర్చుంటుంది. ఒకట్ల స్థానం ఎప్పుడూ ఒకే గడిలో ఉంటుంది, కంటికి కూడా హాయి. విలువ మారినప్పుడే రాయండి, మారకపోతే ముట్టుకోకండి.

ఇందాక వెతుకులాట ఆపకూడదన్నాను కదా. సెకన్లు లెక్కపెట్టడానికి డిలే 1000, అంటే వెయ్యి మిల్లీసెకన్లు ఆగమని, రాస్తే ఆ సెకను మొత్తం బోర్డు ఏమీ చూడదు, ఏమీ వినదు. ఆ లోపల నొక్కి వదిలేసిన బటన్ పోయినట్టే. మోటారు అర్జంటుగా ఆపాలని నొక్కితే ఆగకపోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. డిలే వద్దు. బోర్డు మొదలై ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పే మిల్లిస్ చూసి, ముందు గుర్తుపెట్టుకున్న సమయాన్ని అందులోంచి తీసేసి, వెయ్యి దాటితే సెకను తగ్గించండి. మిగతా సమయమంతా బటన్లు చూస్తూ ఉండనివ్వండి.

ఇంకొక్కటి. పెదనాన్నకు అంకెలు వచ్చు, తెలుగు చదువుతాడు, ఇంగ్లిష్ రాదు. స్క్రీన్ మీద నేను ఇంగ్లిష్‌లో రాసిన మాటలు ఆయనకు గోడ మీది మరకలే. తెలుగులో "నిమిషాలు" అని రాసి పంపాను. ఏం వచ్చిందో చూపిస్తాను, ఇదిగో. ముందు గ్రీకు ఆల్ఫా, పక్కన ఒక గీత, ఆ తర్వాత జపాన్ అక్షరం. మళ్లీ ఆల్ఫా, మళ్లీ గీత. కంప్యూటర్‌లో మన తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు. "ని" అంటే న ఒకటి, గుడి ఒకటి, మొత్తం ఆరు బైట్లు. బైటుకో గడి చొప్పున ఒక్క "ని" ఆరు గళ్లు తినేసింది. హిటాచీ జపాన్ కంపెనీ కాబట్టి చిప్పులో ఇంగ్లిష్ పక్కన కటకానా అనే జపాన్ లిపి పెట్టింది. తెలుగు లేదు.

అయితే మనం గీసుకోవడానికి ఎనిమిది గుర్తులకు చోటు ఇచ్చారు. ఒక్కోటి అడ్డం 5 చుక్కలు, నిలువు 8. మన అక్షరాలు గుండ్రం, అయిదు చుక్కల్లో మెలిక తిరగవు. "ని"ని రెండు గళ్లలో పరిచి ఎన్నో విధాలుగా గీశాను, ఏదీ నాకు నచ్చలేదు. చివరికి అక్షరం వదిలేసి నీటి చుక్క గీశాను. మీరూ గళ్ల కాగితం మీద వేసుకోండి. పై రెండు వరుసల్లో మధ్య చుక్క ఒక్కటే. మూడు, నాలుగు వరుసల్లో రెండోది, నాలుగోది. అయిదు, ఆరు, ఏడు వరుసల్లో రెండు చివరలు. ఎనిమిదో వరుసలో మధ్య మూడు. అంతే, చుక్క. మోటారు నడుస్తున్నంతసేపూ అది స్క్రీన్ కుడి మూల వెలుగుతుంది, ఆగితే ఆరిపోతుంది. పెదనాన్నకు నేను ఏమీ వివరించాల్సిన అవసరం రాలేదు.

ఆ ఎనిమిది చోట్లలో చుక్కను సున్నా నంబరు చోట పెట్టుకున్నవాళ్లకు ఒక హెచ్చరిక. ఏ బటనూ నొక్కనప్పుడు కీప్యాడ్ లైబ్రరీ ఇచ్చేది కూడా సున్నానే. నొక్కారో లేదో చూడకుండా వచ్చింది వచ్చినట్టు ప్రింట్ చేస్తే స్క్రీన్ నిండా నీటి చుక్కలే. అలా నిండితే ఎక్కడ చూడాలో ఇప్పుడు మీకు తెలుసు.

ఇక డబ్బాలు తెరవండి. కీప్యాడ్ ఎనిమిది తీగలు, ఎడమ నుంచి నాలుగు అడ్డానివి, తర్వాతి నాలుగు నిలువువి. స్క్రీన్ ఇప్పుడే పెట్టకండి. ముందు కంప్యూటర్‌లో, బోర్డు పంపింది చూపించే సీరియల్ మానిటర్ తెరిచి 16 బటన్లూ ఒక్కొక్కటిగా నొక్కి చూసుకోండి. ఏదైనా వరుస మొత్తం తారుమారుగా వస్తే చెయ్యెత్తండి, నేను అక్కడికే వస్తాను.